పాట ముగిశాక అరగంట

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకొని జవాబు మొదలుపెడతాను. మీకు ఇరవై ఆరేళ్ళు. ఆదివారాలు సికింద్రాబాదులో ఒక తెలుగు చర్చి గాయకబృందంలో పాడతారు, శనివారాలు ఇంటి పక్కనున్న ఆంజనేయస్వామి గుడి భజనలో తబలా వాయిస్తారు. పాట, భక్తి, ఉద్యమం ఈ మూడూ కలిస్తే లోకానికి నిజంగా మేలు జరుగుతుందా, లేక ఇది మన మనసు తృప్తికోసం చెప్పుకునే మాటేనా అన్నది మీ మొదటి ప్రశ్న. మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండోది.

నేను రాంకోఠీలోని ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకొని, బడుల్లో సంగీతం టీచరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ముప్పయ్యేళ్ళకు పైగా పార్శీగుట్ట, వారాసిగూడ చుట్టుపక్కల బస్తీలలో ఒక హార్మోనియం పెట్టె పట్టుకొని తిరిగిన అనుభవం తప్ప నాకు ఇందులో వేరే అర్హత లేదు. ఆ అనుభవం మీద చెబుతున్నాను. మేలు జరుగుతుంది, అయితే అది పాటలో జరగదు. పాట ముగిసి, జనం చెప్పులు వెతుక్కునే లోపల ఉండే అరగంటలో జరుగుతుంది. ఆ అరగంటలో చేయడానికి ఒక పని ఉంటే పాటకు విలువ వస్తుంది. లేకపోతే అది మంచి సాయంత్రం మాత్రమే అవుతుంది. మంచి సాయంత్రాలు గడపడం తప్పేమీ కాదు గాని, మీరు అడిగింది దాని గురించి కాదు కదా.

ఈ మాట నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు, చేతులు కాలాక తెలిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కొంతకాలం పోయాక, కరోనాకు మూసిన హాళ్ళు మళ్ళీ తెరుచుకున్నప్పుడు, బాధితుల సహాయార్థం ఒక సంగీత సభ పెడదామని నేనే ముందుకు వచ్చాను. నాలుగు మతాల పాటలు, పెద్ద హాలు, ముఖ్య అతిథులు, శాలువాలు, గుమ్మం దగ్గర ఫ్లెక్సీ. సభ చక్కగా జరిగింది, కంటతడి పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మర్నాడు లెక్క చూసుకుంటే హాలు అద్దె, సౌండ్ సిస్టమ్, ఫ్లెక్సీలు, శాలువాలు, భోజనాలు పోగా మిగిలింది ఒక వీధికి దుప్పట్లు కొనడానికి కూడా చాలలేదు. దానికన్నా బాధాకరమైన విషయం ఒకటుంది. హాల్లో కూర్చున్నవారిలో నీళ్ళలో మునిగిన ఇంటివారు ఒక్కరూ లేరు. మేము వాళ్ళ గురించి పాడుకున్నాం, వాళ్ళు ఆ పూట బురద ఎత్తిపోసుకుంటున్నారు. సభ అయిపోగానే అందరూ ఒకరినొకరు మెచ్చుకొని కార్లెక్కారు. అంతమంది ఒకచోట కూడి, మనసు కరిగి, ఏదైనా చేయడానికి సిద్ధంగా ఉన్న ఆ అరగంటలో వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఒక్క పని లేకపోయింది. ఆ తప్పు నాదే.

మన నగరంలోనే దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఉంది, నూరేళ్ళకు మునుపటిది. భాగ్యరెడ్డివర్మ పేరు మీరు వినే ఉంటారు. 1888లో హైదరాబాదులో పుట్టిన ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1906లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, ఆయన జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టారు. ఆ మండలి తన మాటను జనంలోకి తీసుకువెళ్ళడానికి ఎంచుకున్న సాధనాల్లో హరికథ ఒకటి. ఆ ఎంపికలోని తెలివి చూడండి. దళితవాడలో సాయంత్రం పూట ఉపన్యాసం అంటే పది మంది వస్తారేమో. చిడతలు, గజ్జెలు వినబడితే ఇల్లిల్లూ కదిలి వస్తుంది. పైగా హరికథ రాత్రి పొద్దుపోయే దాకా సాగే ప్రక్రియ, మధ్యమధ్య కథను ఆపి పిట్టకథ చెప్పడం, లోకరీతిని ఎత్తిచూపడం అందులో ముందునుంచీ ఉన్నదే. తాగుడు గురించి, ఆడపిల్లలను జోగినులుగా, మురళీలుగా దేవతకు వదిలిపెట్టే ఆచారం గురించి మాట్లాడవలసిన చోటు కథలోనే దొరుకుతుంది. వినేవారికి అది బయటినుంచి వచ్చి పెట్టిన చీవాట్లలా అనిపించదు.

హరికథతో ఆగిపోయి ఉంటే ఈ రోజు ఆయన పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. 1910లో ఇసామియా బజారులోనూ లింగంపల్లిలోనూ బడులు తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. 1911లో మండలి మాన్యసంఘంగా మారింది. 1933 నాటికి ఆ బడుల సంఖ్య 26కు, పిల్లల సంఖ్య సుమారు 2500కు చేరింది. అంటే కథ విని లేచిన తల్లికి వెంటనే చేయగలిగిన పని ఒకటి సిద్ధంగా ఉంది: రేపు పొద్దున పిల్లవాణ్ణి బడికి పంపడం. భక్తి విషయంలోనూ ఆయన ఒక్కచోట కూర్చోలేదు. బ్రహ్మసమాజంతో, ఆర్యసమాజంతో నడిచారు, బౌద్ధం వైపు చూశారు, నగరంలో బుద్ధజయంతి జరిపించారు. ఇందులో నిలకడ లేదని అనేవారున్నారు. నాకు మాత్రం అది నిలకడగానే కనిపిస్తుంది, ఎందుకంటే తనవారిని మనుషులుగా నిలబెట్టే విశ్వాసం ఏదన్న ఒక్క ప్రశ్ననే ఆయన ప్రతి గుమ్మం దగ్గరా అడిగారు. జోగిని ఆచారాన్ని నేరంగా ప్రకటించే చట్టం మన రాష్ట్రంలో 1988లో గాని రాలేదు. ఆయన దాన్ని మొదట ఎత్తి చూపిన నాటికి, చట్టం వచ్చిన నాటికి మధ్య ఎంత కాలం గడిచిందో చూస్తే, ఈ పనికి ఎంత ఓపిక కావాలో మీకు తెలుస్తుంది.

ఇక ఎలాంటి పాట ఎంచుకోవాలన్న విషయానికి వస్తాను. ఇది నా వృత్తికి సంబంధించినది కనుక కొంచెం విస్తరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

చదువుకున్నవాళ్ళం చేసే మొదటి పొరపాటు, సందేశం ఉన్న పాట రాసుకొని వెళ్ళి జనానికి నేర్పడం. నేనూ చేశాను. మంచి రాగం, ప్రాసలు, నాలుగు చరణాలు. వాళ్ళు మర్యాదగా విని, నేర్చుకొని, నేను వెళ్ళగానే మరిచిపోయేవారు. ఆ తరువాత ఒక బస్తీలో జరిగినది నా అభిప్రాయాన్ని మార్చింది. అక్కడ శనివారం సాయంత్రం భజన జరుగుతుండగా సగంలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచిపోయేవారు. నల్లా వచ్చే వేళ అది. బిందెలు పెట్టి, పట్టుకొని, ఇంట్లో దింపి వచ్చేసరికి మంగళహారతి అయిపోయేది. ఒక వారం వాళ్ళు వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చారు. ఏమిటని అడిగితే ఒకావిడ ఏమీ చెప్పకుండా గ్లాసు చేతికి ఇచ్చింది. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి, మురుగు వాసన. పదిరోజులుగా అంతేనట.

అది బతుకమ్మ రోజులకు దగ్గర. బతుకమ్మ పాట కట్టుబడి మీకు తెలిసిందే: ఒకరు ఒక ముక్క అందిస్తారు, అందరూ ఉయ్యాలో అంటారు. ముక్క అందించడానికి కవిత్వం రావలసిన పని లేదు, గొంతు బాగుండవలసిన పని అంతకన్నా లేదు. ఆ సాయంత్రం చప్పట్లు కొడుతూ ఒక పెద్దావిడ అందుకుంది.

నల్లా దిప్పితె నీళ్ళు ఉయ్యాలో
నల్లగ వచ్చినయి ఉయ్యాలో
బిందె నింపుకపోతె ఉయ్యాలో
బిడ్డకు వాంతులు ఉయ్యాలో

నలభై ఏళ్ళు సాహిత్యం చదివినా ఆ నల్లా, నల్లగ అన్న జోడింపు నాకు తట్టేది కాదు. ఒకరి తరువాత ఒకరు తమ ఇంటి సంగతి ఒక్కొక్క ముక్కగా కలుపుతూ పోయారు. ఎవరి పిల్లకు జ్వరం, ఎవరు నీళ్ళ క్యాన్లకు ఎంత పెడుతున్నారు, ఎవరి ఇంటి ముందు గొయ్యి తవ్వి వదిలేశారు, అన్నీ ఆ పాటలోకి వచ్చేశాయి. నేను హార్మోనియం మూసి నోటు పుస్తకం తీశాను. పాట అయ్యేసరికి నా దగ్గర పదిహేడు ఇళ్ళ వివరాలు ఉన్నాయి, ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగితే అవి అంత నిజాయితీగా వచ్చేవి కావు. అరగంటలో అర్జీ తయారయింది. సంతకాలు, వేలిముద్రలు, తేదీ చీటీలు అంటించిన ఏడు సీసాల నీళ్ళు. సంబంధిత కార్యాలయానికి మూడు సార్లు తిరిగాం. మూడోసారి చిన్న ఇంజనీరు ఒకాయన స్వయంగా వచ్చాడు. ఆడవాళ్ళు ఆయన ముందు అదే పాట పాడారు. ఆయన మొదట నవ్వాడు. తరువాత ఎవరో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టారు, నవ్వు ఆగిపోయింది. మంచినీటి పైపు, మురుగు పైపు పక్కపక్కనే వెళ్ళే చోట జాయింటు కారుతోంది. అది తవ్వి మార్చడానికి మరికొన్ని వారాలు పట్టింది. అయినా మార్చారు.

అందుకే నా సలహా ఏమిటంటే, వినేవాడు తన మాట కలపడానికి చోటున్న పాటనే ఎంచుకోండి. ఉయ్యాల పాటలు, కోలాటం, ఏలపదాలు, భజనలో వంతపాట, పీర్ల పండుగలో అగ్నిగుండం చుట్టూ పాడే అసోయ్‌దూలా పాటలు, ఇవన్నీ అలాంటివే. శ్రుతి విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే గాయకబృందం నుంచి వచ్చేవారు దీన్ని పట్టించుకోరు. శ్రుతి అంటే పాటకు ఆధారంగా హార్మోనియం మీద పట్టే స్వరం, అంకె పెరిగేకొద్దీ పైకి పోతుంది. మగవారికి సుఖంగా ఉండే ఒకటి, ఒకటిన్నర శ్రుతి ఆడవారికి మరీ కిందికి పోతుంది, వారి ఐదు, ఐదున్నర మగవారిని అరిపిస్తుంది. నేను మూడు, మూడున్నర దగ్గర పెట్టి, పాట ఐదారు స్వరాలు దాటకుండా చూస్తాను. దాంతో అందరూ నోరు విప్పుతారు. మీ గొంతు ఎంత బాగుందో చూపించుకోవాలని ఉంటే దానికి వేదికలు వేరే ఉన్నాయి.

మనం బడిలో పాడుకున్న 'హమ్ హోంగే కామ్యాబ్' పాట చరిత్ర కూడా ఇదే చెబుతుంది. దాని ఇంగ్లీషు మూలం 'వియ్ షల్ ఓవర్‌కమ్'. నల్లజాతి మతబోధకుడు చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ 1900 ప్రాంతంలో రాసిన ఒక చర్చి కీర్తనకు దానితో సంబంధం ఉంది. అందులో 'నేను' గెలుస్తానని ఉంటుంది. 1945, 46 సంవత్సరాల్లో అమెరికాలో దక్షిణ కరొలినాలోని చార్ల్‌స్టన్ పొగాకు ఫ్యాక్టరీలో సమ్మెకు దిగిన కార్మికులు, వారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, వానలో చలిలో గేటు ముందు నిలబడి దాన్ని బహువచనంలో పాడుకున్నారు. అక్కడినుంచి అది టెన్నెసీలోని హైలాండర్ అనే కార్యకర్తల శిక్షణ కేంద్రానికి చేరింది. 1959లో ఆ కేంద్రం మీద పోలీసులు దాడిచేసి దీపాలు ఆర్పినప్పుడు, చీకట్లో ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయి 'మాకు భయం లేదు' అనే చరణం కలిపింది. పాటలో ఖాళీ ఉండబట్టి కలపగలిగింది. 1960 ఏప్రిల్‌లో రాలీ నగరంలో నల్లవారి పౌరహక్కుల కోసం పోరాడే విద్యార్థుల సమావేశంలో గాయకుడు గై కారవాన్ దాన్ని పాడించాక అది అమెరికా దక్షిణమంతటా వ్యాపించింది. చర్చిలో రాత్రి సభ, పాటలు, ఆ వెంటనే నల్లవారిని కూర్చోనివ్వని హోటళ్ళలో రేపు ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలి, ఎవరు జైలుకు వెళ్ళాలి అన్న జాబితా. పాటకు, జాబితాకు మధ్య వ్యవధి లేదు. ఆ పాట హక్కుల మీద వచ్చిన సొమ్మును కూడా సొంతానికి వాడుకోకుండా నల్లజాతి సమాజాల పనులకు ఒక నిధిగా పెట్టారు.

ఇక్కడ మన భాషకు ఉన్న ఒక సదుపాయం గుర్తు చేస్తాను. ఇంగ్లీషు 'వియ్'కు మనకు రెండు మాటలున్నాయి. 'మేము' అంటే ఎదుటివాడు బయట ఉంటాడు. 'మనం' అంటే లోపలికి వస్తాడు. అధికారి ముందు పెట్టే అర్జీలో 'మేము' ఉండాలి, అక్కడ మొహమాటానికి చోటు లేదు. పాటలో మాత్రం 'మనం' ఉండాలి, ఎందుకంటే ఆ ఇంజనీరు కూడా ఏదో ఒక బస్తీలో నీళ్ళు తాగేవాడే. ఎక్కడ ఏది వాడుతున్నామో తెలియని బృందం పాటలో కోపాన్ని, అర్జీలో దీనత్వాన్ని పెట్టి రెండూ చెడగొడుతుంది. తెలుగులో ఉద్యమ గీతాలు రాసే కుర్రవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే, వాళ్ళు నవ్వుతారు, తరువాత వెళ్ళి దిద్దుకుంటారు.

పాట ఒంటరిగా ఎంత దూరం పోగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్నదానికి నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం చక్కని పాఠం. 1990లో అక్కడ మొదలైన అక్షరాస్యత కార్యక్రమంలో కళాజాతలు ఊరూరా తిరిగి పాటలతో, నాటికలతో జనాన్ని రాత్రి బడికి రప్పించాయి. రాత్రి బడిలో ఆడవాళ్ళు కూర్చొని చదివిన పాఠాల్లో తాగుడు వల్ల పాడైన సంసారాల కథలున్నాయి, చదివినవారు తమ ఊరి సంగతి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన వార్త జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించేశారు. పాట తెచ్చినదాన్ని ఖజానా లెక్క తీసుకుపోయింది. దీన్ని ఓటమిగా చూడవద్దని చాలామంది అంటారు. నాకు మటుకు సగం ఓటమిగానే కనిపిస్తుంది, మిగతా సగం ఏమిటంటే అక్షరాలు నేర్చుకున్న ఆ స్త్రీల చదువును ఏ ప్రభుత్వమూ వెనక్కి తీసుకోలేకపోయింది. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాం అనే ఆటపాటల సభ ఏం చేసిందో మీరు చిన్నతనంలో కళ్ళారా చూసే ఉంటారు, నేను చెప్పనక్కరలేదు. రాష్ట్రం వచ్చాక ఆ వేదికల మీద పాడినవారిలో కొందరు పదవులకు వెళ్ళారు, కొందరు పాటతోనే ఉండిపోయారు. ఏది సరైనదో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

విశ్వాసం సంగతి. మీరు చర్చిలోనూ గుడిలోనూ ఉన్నారు కనుక, అన్ని మతాల పాటలు కలిపి ఒక కదంబం కట్టాలన్న కోరిక మీకు కలుగుతుంది. నా మాట వింటే దాన్ని మొదటి ఏడాది పెట్టుకోకండి. అది వేదిక మీద అందంగా ఉంటుంది, వేదిక కింద అందరినీ కొద్దికొద్దిగా ఇబ్బంది పెడుతుంది. గాంధీ గారి సర్వధర్మ ప్రార్థనకే 1947 ఏప్రిల్‌లో ఢిల్లీలో అభ్యంతరాలు వచ్చాయి. ఖురాన్ వాక్యాలు చదవడానికి సభలో ఒప్పుకోనివారు లేచినప్పుడు ఆయన వాళ్ళను గెంటించలేదు, ప్రార్థననే ఆపేశారు. ఖురాన్ తీసేసి మిగతాది చదవడానికి కూడా ఒప్పుకోలేదు. అంత పట్టుదల, అంత మర్యాద ఒకే మనిషిలో ఉండడం అరుదు. మనబోటివాళ్ళకు సులువైన దారి ఏమిటంటే, ఎవరి పాట వారు తమ చోట నిండు మనసుతో పాడుకోవడం, పని మాత్రం కలిపి చేయడం.

విశ్వాసం ఈ పనికి ఇచ్చే అసలైన సహాయం ప్రబోధం కాదని నా అభిప్రాయం, అది క్యాలెండరు. ఉద్యమాలు వేడి మీద లేచి చల్లారిపోతాయి. గుడి, చర్చి, దర్గా ప్రతి వారం, ప్రతి ఏడాది తప్పకుండా జనాన్ని రప్పిస్తాయి. దీన్ని మేము రక్తదానంలో వాడుకున్నాం. తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, జీవితాంతం, రక్తం ఎక్కించాలి. దానం చేసిన రక్తంలోని ఎర్రకణాలు నిలవ ఉండేది 35 నుంచి 42 రోజులు. ఒక్క రోజు మహా శిబిరం పెట్టి ఫోటోలు దిగితే, ఆ రక్తం ఒకేసారి గడువుకు వస్తుంది, వేసవిలో కాలేజీలు మూసినప్పుడు మళ్ళీ కరవు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఈ లెక్కను పండుగల మీద పరిచి చూశాం. క్రిస్మస్ ముందు వారాలు, శ్రీరామనవమి, ఎండాకాలంలో ఉపవాస ప్రార్థనల కూటాలు, శ్రావణ శనివారాలు, దసరా, కార్తీకం. మొహర్రంలో షియా యువకులు ఇమామ్ హుసేన్ పేరిట రక్తదాన శిబిరాలు పెట్టడం నగరంలో ఉన్నదే, వాళ్ళనూ కలుపుకున్నాం. మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక ప్రతి జనవరిలో కాగితం మళ్ళీ గీస్తాం. ఈ పద్ధతిలో మా చిన్న గుంపుకు ఖాళీ నెల ఉండదు. భజనో, ఆరాధనో, మొహర్రంలో పాడే శోకగీతం నౌహానో అయిపోగానే అక్కడికక్కడే పేరు, గ్రూపు, కిందటిసారి ఇచ్చిన తేదీ రాసుకోవడమే మా కార్యక్రమం. మీ చర్చిలో పెద్దమ్మలు ప్రతి పూట బియ్యం ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం కానుకగా తెస్తారు కదా, ఆ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. పెద్ద దానం ఒక్కసారి కాక, చిన్న దానం మానకుండా. గురుద్వారాలో కీర్తన్ ముగియగానే లంగర్‌లో, అంటే ఉమ్మడి భోజనంలో, అందరూ ఒకే వరుసలో కూర్చోవడంలో కూడా ఇదే ఏర్పాటు కనిపిస్తుంది. ఎప్పుడైనా అమీర్‌పేట గురుద్వారాకు వెళ్ళి రొట్టెలు ఒత్తి చూడండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సంగీతం, భక్తి కలిస్తే మేలే జరుగుతుందని గ్యారంటీ లేదు. ఎదుటివారి ప్రార్థనాస్థలం ముందుకు వచ్చాకే డీజే శబ్దం పెంచే ఊరేగింపులను మీరూ చూశారు, నేనూ చూశాను, ఏ ఒక్క మతమో దీనికి మినహాయింపు కాదు. 2000 సంవత్సరం నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, ఆసుపత్రులకు, బడులకు, కోర్టులకు 100 మీటర్ల లోపల నిశ్శబ్ద మండలం. మీ బృందం బస్తీలో పాడేటప్పుడు మైకు లేకుండానే పాడండి, మైకు రాగానే వంతపాట పోయి శ్రోతలు మిగులుతారు. 2023 సెప్టెంబరు 28న గణేశ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు వచ్చాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడాదీ అలాగే తేదీ జరుపుకున్నారు. ఎవరూ పాడకుండానే నగరానికి జరిగిన మేలు అది, దాన్ని మీ సంగీత చరిత్రలో రాసుకోవచ్చు.

డబ్బు దగ్గర చాలా బృందాలు విరిగిపోతాయి. భద్రాచల రామదాసు కథలో మనం భక్తినే చూస్తాం గాని, కంచెర్ల గోపన్న ప్రభుత్వ సొమ్మును అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టినందుకు గోల్కొండలో ఖైదు అనుభవించిన తహశీల్దారన్న సంగతి కూడా నిజమే. ఆయన కీర్తనల్లో ఒకదానిలో ఏ నగకు ఎంతయిందో రాముడికే పద్దు చెబుతాడు. చందా పుస్తకం పట్టే ప్రతివారికీ ఆ కీర్తన నేర్పాలని నేను సరదాగా అంటుంటాను. ప్రతి రూపాయీ చీటీ మీద రాసి, నెలాఖరున గుడి గోడకో చర్చి బోర్డుకో అంటించండి. మొదట్లోనే సొసైటీ రిజిస్ట్రేషన్‌కు పరుగెత్తకండి. దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఆ ఏడుగురూ పనిలో ఏడాది కలిసి నిలిచాక చేయించుకుంటే సంఘం పేరు కోసం కాక పని కోసం ఉంటుంది. అర్జీలకు, అధికారులు జనం దగ్గర నేరుగా తీసుకునే సోమవారం ప్రజావాణి ఉంది, జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఈ రెండూ తెలిసిన తబలా వాద్యకారుడు మా బస్తీలకు చాలా అవసరం.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. మీ గాయకబృందం శుక్రవారం సాయంత్రం సాధన చేస్తుందని రాశారు, శనివారం భజన ఉండనే ఉంది. వచ్చే వారం రెండు చోట్లా పాట అయ్యాక పది నిమిషాలు ఆగమని అడగండి, ప్రసంగం చేయవద్దు. ఈ వారం మీ వీధిలో ఏది సరిగా లేదని మాత్రం అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసుకోండి. రెండు పుస్తకాల్లోనూ ఒకే ఫిర్యాదు కనబడితే, అది వీధిదీపం కావచ్చు, నల్లా కావచ్చు, అంగన్‌వాడీ తాళం కావచ్చు, దాన్నే పట్టుకోండి. కనబడకపోతే చివరి పేజీలో రక్తం గ్రూపులు రాయించండి. నెగెటివ్ గ్రూపులవారి పేర్ల కింద గీత గీసి, వారి ఫోను నంబర్లు మీ దగ్గర వేరుగా పెట్టుకోండి, ఆసుపత్రి నుంచి అర్ధరాత్రి పిలుపు ఎక్కువగా వచ్చేది వారికోసమే.